చింతమాను కింది జీపు



ఎద్దును కొనేటప్పుడు రైతు ఏం చేస్తాడు? నోరు తెరిచి పళ్లు చూస్తాడు. సుడులు చూస్తాడు. నాలుగు అడుగులు నడిపిస్తాడు. కాడికి కట్టి చూస్తాడు. అన్నీ నచ్చితేనే బయానా ఇస్తాడు. మరి పాత బండిని కొనేటప్పుడు? రంగు చూస్తాడు. హారన్ కొట్టి చూస్తాడు. అంతే, జేబులో చెయ్యి పెడతాడు.

ఈ పూట మాట అలాంటి ఒక బండి గురించే. అది ఒక జీపు. తొమ్మిదేళ్లుగా చింతమాను కింద నిలబడి ఉంది.

మదనపల్లె వైపు ఒక పల్లె. ఊరికీ తారురోడ్డుకూ నడుమ ఒక వంక. ఎండాకాలంలో వంకలో ఇసుక. వానాకాలంలో నీళ్లు. నీళ్లు వస్తే ఆటో దాటదు. టమోటా కోసిన రోజే మండీకి చేరాలి. రెండు రోజులు ఆగితే మెత్తబడిపోతుంది. పోయిన ఏడు వంక పొంగి, ఒక ఇంటివాళ్లకు అరవై క్రేట్ల కాయ గట్టు మీదే కుళ్లిపోయింది.

ఆ ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరు. కలిసే సేద్యం చేస్తారు. అన్న భార్య మూడేళ్ల కిందట రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు ఇంటి లెక్క ఆమే రాస్తుంది. తమ్ముడికి వదిన లెక్క అంటే గురి. అన్నకు మాత్రం కాస్త చిరాకు.

ఈ కారులో టమోటాకు మంచి ధర పలికింది. ఖర్చులు పోను లక్షా ఇరవై వేలు మిగిలింది. ఇంటర్ పాసైన కూతురు నర్సింగ్‌లో చేరతానంటోంది. మొదటి ఏడు ఫీజుకు నలభై అయిదు వేలు కట్టాలి. సరిగ్గా అప్పుడే పక్క ఊరి పాత సర్పంచి కొడుకు కబురు పంపాడు. “మా నాయన జీపు అమ్మేస్తున్నా. ఫోర్ వీల్ బండి. ఎనభై అయిదు వేలు ఇస్తే మీదే.”

అన్నకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానికి కారణం ఉంది. పదమూడేళ్ల కిందట వాళ్లమ్మను పాము కరిచింది. రాత్రిపూట, వాన, వంక పారుతోంది. ఆ సర్పంచే ఈ జీపు తెచ్చి, నీళ్లలో దాటించి, మదనపల్లె ఆస్పత్రిలో చేర్చాడు. ఆమె బతికింది. “ఆ జీపు లేకపోతే అమ్మ లేదురా” అంటాడు అన్న. ఇలాంటి మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు. అయినా ఒక బండి పదమూడేళ్ల కిందట చేసిన మేలు వేరు, ఇవాళ చేయగల పని వేరు.

అసలు జీపు అనేది యుద్ధం కోసం పుట్టిన బండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి బురదలో, ఇసుకలో, గుట్టల్లో పోయే చిన్న బండి కావలసి వచ్చింది. 1941 నుండి 1945 వరకు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేసి ఇచ్చాయి. యుద్ధం అయిపోయాక మహీంద్రా కంపెనీ 1940ల చివరలో విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలు పెట్టింది. తర్వాత ఇక్కడే తయారు చేసింది. సర్పంచి బండి 1994 నాటిది. డీజిల్ ఇంజన్.

మామూలు బండిలో ఇంజన్ బలం రెండు చక్రాలకే పోతుంది. ఈ జీపులో ఇంకొక గేరు కర్ర ఉంటుంది. అది వేస్తే బలం నాలుగు చక్రాలకూ పోతుంది. వెనక చక్రాలు ఇసుకలో దిగబడినా ముందు చక్రాలు లాగుతాయి. అన్న ఆశంతా ఆ కర్ర మీదే.

“కొత్త ఫోర్ వీల్ జీపు అంటే లక్షల మీద మాట. ఎనభై అయిదు వేలకు వస్తా ఉంటే వదులుకుంటామా?” అన్నాడు అన్న.

“మేస్త్రీకి చూపించి మాట్లాడుదాం” అంది భార్య.

“నీకేం తెలుసు బండి గురించి?”

“తెలీదు కాబట్టే మేస్త్రీని పిలవమంటున్నా.”

ఆదివారం పొద్దున నలుగురూ పోయారు. అన్న, తమ్ముడు, వదిన, మదనపల్లెలో ముప్పై ఏళ్లుగా జీపులు బాగుచేసే ఒక పెద్దాయన. ఆయన్ను అందరూ మేస్త్రీ అంటారు. సర్పంచి కొడుకు అప్పటికే జీపు తుడిపించి పెట్టాడు. కింద నల్లరంగు కొత్తగా పూయించాడు. ట్రాక్టరు బ్యాటరీ తెప్పించి, “ఒక్క నిమిషం అన్నా, ఇప్పుడే స్టార్ట్ చేసి చూపిస్తా” అన్నాడు.

మేస్త్రీ అడ్డం పడ్డాడు. “తొమ్మిదేళ్లు పడుకున్న బండిని అట్ల లేపకూడదు నాయనా!”

ఎందుకని? ఇంజన్ లోపల పిస్టన్లు కిందికీ పైకీ ఆడుతుంటాయి. వాటి చుట్టూ నూనె పొర ఉండాలి. బండి ఏళ్ల తరబడి కదలకపోతే ఆ పొర జారిపోతుంది. తడి చేరి తుప్పు పడుతుంది. అలాగే బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి. పదివేలతో పోయేది యాభై వేలకు వస్తుంది. ఇంకొకటి కూడా ఉంది. ట్యాంకులో పాత డీజిల్ ఉంటుంది. దాని అడుగున నీళ్లు, తుప్పు, జిగురు చేరి ఉంటాయి. స్టార్ట్ చేస్తే ఆ మురికి పంపులోకీ నాజిళ్లలోకీ పోతుంది. డీజిల్ బండికి పంపే గుండెకాయ.

మేస్త్రీ ట్యాంకు అడుగు బోల్టు విప్పి డబ్బా పెట్టాడు. ముందు ఎర్రమట్టి లాంటి నీళ్లు వచ్చాయి. తర్వాత కుళ్లు వాసనతో డీజిల్ వచ్చింది. ఇంజన్ ఆయిల్ కడ్డీ తీసి చూశాడు. నల్లగా ఉంది. పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపల నీళ్లు దిగినట్టు. అలా లేదు, మంచిదే. నాజిళ్లు విప్పి నాలుగు రంధ్రాల్లో కాస్త కాస్త నూనె పోశాడు. “రేపు పొద్దునే వస్తా. అంతవరకూ ఎవరూ తాకొద్దండి” అన్నాడు.

మరునాడు ముందు పుల్లీ నట్టుకు పెద్ద స్పానర్ వేసి చేత్తోనే తిప్పాడు. కాస్త మొండికేసింది. తర్వాత తిరిగింది. “ఇంజన్ పట్టెయ్యలేదు” అన్నాడు. అన్న ముఖం వెలిగిపోయింది.

కానీ మేస్త్రీ అక్కడితో ఆగలేదు. బ్రేకు తొక్కాడు. పెడలు నేరుగా నేలకు పోయింది. బ్రేకు నూనె గాలిలో తడిని పీల్చుకుంటుంది. ఆ తడికి లోపలి సిలిండర్లు తుప్పు పడతాయి, రబ్బర్లు గట్టిపడతాయి. వెనక ఎడమ చక్రం డ్రమ్ముకు అతుక్కుని కదలనే లేదు. ఇంజన్ ఆగితే బండి నిలబడుతుంది. బ్రేకు పోతే? ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవాళ్లకు వేరే చెప్పాలా?

తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని బండి కింద దూరాడు. చాసిస్ పొడవునా పొడుస్తూ పోయాడు. టంగ్, టంగ్ అని మోగుతోంది. వెనక కమాను పట్టీలు తగిలించే చోట మోగలేదు. స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది. కొత్త నల్లరంగు కింద ఇనుము లేదు, తుప్పే ఉంది. కొత్త రంగు ఎక్కడ వేశారో అక్కడ రెండుసార్లు పొడిచి చూడాలి.

“మేస్త్రీ, ఫోర్ వీల్ చూడు” అన్నాడు అన్న.

మేస్త్రీ కిందనుంచే అన్నాడు. “ముందు షాఫ్టే లేదు కదయ్యా! డీజిల్ మిగులుతుందని ఎప్పుడో విప్పేసినట్టుండారు.”

గేరు కర్ర ఉంది. ముందు చక్రాలకు బలం తీసుకుపోయే షాఫ్టు లేదు. అంటే ఏ పని కోసం ఈ జీపు కొనాలనుకున్నారో, ఆ పని అది చేయలేదు. అన్న కాసేపు మాట్లాడలేదు.

ఈలోగా వదిన ఊరికే కూర్చోలేదు. టైర్లు చూస్తోంది. పైకి గాట్లు బాగానే ఉన్నాయి. పక్కన సన్నసన్నగా పగుళ్లు. ఆ పక్కనే చిన్న గీతలో నాలుగు అంకెలు. 3213. “ఇదేంది మేస్త్రీ?” అని అడిగింది. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2013లో 32వ వారంలో చేసిన టైరు అన్నమాట. మీ ఇంట్లో మోటారు సైకిలు ఉంటే ఇవాళే చూడండి. స్టెపినీ మీద 0809 ఉంది. అది ఎప్పటిదో మీరే చెప్పండి.

ఇక కాగితాలు. సర్పంచి కొడుకు సి-బుక్కు తెచ్చాడు. వదిన దాన్ని దీపం దగ్గర పెట్టి చదివినట్టు ఒక్కొక్క గడి చదివింది. ఇంగ్లీషు అక్షరాలు తమ్ముడు చెప్పాడు, అంకెలు ఆమే చూసింది. బ్యాంకు అప్పు రాసి ఉంది. తర్వాత తీరిపోయిందని కొట్టేసి ముద్ర వేసి ఉంది. అది సరే. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లు. తర్వాత అయిదేళ్లకోసారి చూపించి పొడిగించుకోవాలి. ఈ బండికి 2009లో పొడిగించారు, 2014లో పొడిగించారు. 2019తో గడువు అయిపోయింది. బండి 2016 నుంచే చెట్టు కింద ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పొడిగించాలంటే రుసుము మామూలుగా లేదు. 600 రూపాయలు ఉన్నదాన్ని 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన జీపులకూ కార్లకూ 2025లో 10,000 చేశారు. ఆలస్యానికి జరిమానా వేరే. బండి పరీక్షలో పాస్ కావడం వేరే.

“బుక్కులో మీ నాయన పేరే ఉంది కదా తమ్ముడూ?” అంది వదిన.

“నాయన పోయి రెండేళ్లయింది వదినా. పర్వాలేదు, ఆయన సంతకం పెట్టిన అమ్మకం ఫారాలు ఉన్నాయి. ఖాళీవే. తేదీ మనం వేసుకోవచ్చు.”

“చనిపోయిన మనిషి సంతకం మీద బండి కొనమంటావా?”

ఆమె అడిగినదే చట్టం కూడా అడుగుతుంది. యజమాని చనిపోతే ముందు వారసుడి పేరుకు బండి మారాలి. దానికి 31వ నంబరు ఫారం. ఆ తర్వాతే అమ్మకం. అమ్మకానికి 29, 30 నంబర్ల ఫారాలు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. పేరు మారకుండా బండి ప్రమాదం చేస్తే, పుస్తకంలో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది. అమ్మేవాళ్లు కూడా ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

మేస్త్రీ ఇంకొక పని చెప్పాడు. ఇంజన్ మీదా చాసిస్ మీదా నంబర్లు కొట్టి ఉంటాయి. వాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. వదిన తన లెక్కల నోటుబుక్కులో కాగితం చింపి రుద్దింది. చాసిస్ నంబరు సి-బుక్కుతో కలిసింది. ఇంజన్ నంబరు కలవలేదు. ఒక అంకె కాదు, మొత్తమే వేరే. అంటే ఎప్పుడో ఇంజన్ మార్చారు. మార్చడం తప్పు కాదు. ఆర్టీఓ ఆఫీసులో చెప్పి పుస్తకంలో రాయించాలి. రాయించలేదు. ఆ ఇంజన్ ఎవరి బండిదో, ఎక్కడిదో?

ఆ రాత్రి అన్నం తిన్నాక వదిన లెక్క వేసింది. మేస్త్రీ చెప్పిన రేట్లు ఇవి. స్టెపినీతో కలిపి అయిదు టైర్లు 30,000. బ్యాటరీ 6,500. బ్రేకులు 11,000. రేడియేటరు, గొట్టాలు 5,500. పంపు, నాజిళ్లు 16,000. క్లచ్చి 8,000. ఎలుకలు కొరికిన వైర్లు 6,000. ఆయిళ్లు, ఫిల్టర్లు 4,500. చాసిస్ కోసి కొత్త ముక్క వేయడం 12,000. పాత షాఫ్టు వెతికి బిగించడం 6,000. అన్నీ కూడితే 1,05,500. రిజిస్ట్రేషనుకు, ఇన్సూరెన్సుకు 19,000. మొత్తం 1,24,500.

“జీపు ధర కలిపినావా?” అన్నాడు అన్న.

“లేదు. ఊరికే ఇచ్చినా మన దగ్గరుండే డబ్బు చాలదు.”

“బాడుగకు తిప్పితే సంపాదించుకోవచ్చు. పక్కవాళ్ల కాయ కూడా తోలొచ్చు.”

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. “అది తెల్ల బోర్డు బండి అన్నా. సొంతానికే. బాడుగకు పసుపు బోర్డు, పర్మిట్టు ఉండాల. ఎవరికన్నా ఏమన్నా అయితే ఇన్సూరెన్సు వాళ్లు మొండికేస్తారు.”

ఇది చాలా ఊళ్లలో జరిగేదే. పది మందిని ఎక్కించుకుని తిప్పుతారు. ఏమీ కానంతవరకూ ఏమీ కాదు. అయిన రోజు మాత్రం చేను అమ్మినా తీరదు.

వదిన ఇంకొక ప్రశ్న వేసింది. “ఏడాదిలో వంక ఎన్ని రోజులు పొంగుతుంది?”

ముగ్గురూ వేళ్లు మడిచి లెక్కపెట్టారు. పోయిన ఏడు పన్నెండు రోజులు. మంచి వానలు పడితే పదిహేను. ఆ రోజుల్లో ట్రాక్టరు ట్రాలీతో కాయను అవతలి గట్టుకు దాటించి, అక్కడ ఆటోలో వేస్తే? ట్రాక్టరుకు ఒక విడతకు 700. పదిహేను సార్లకు 10,500. అన్న ఆ అంకెను చాలాసేపు చూశాడు. లేచి బయటికి పోయి అరుగు మీద పడుకున్నాడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అమ్మను బతికించిన బండిని తుప్పు లెక్కతో కొలిచారని ఆయన బాధ. ఆ బాధ తప్పని ఎవరంటారు?

మూడో రోజు సర్పంచి కొడుకు ఫోన్ చేశాడు. “బెంగళూరు నుంచి ఒకాయన వస్తా ఉండాడు అన్నా. పాత జీపులంటే పిచ్చి ఆయనకు. లక్ష ఇస్తానంటున్నాడు. సాయంత్రంలోగా చెప్పు.” అన్న బీరువా దాకా పోయాడు. తాళం చెవి భార్య కొంగులో ఉంది.

“లక్ష ఇచ్చేవాళ్లుంటే ఇవ్వనీ, ఆ పిల్లోడికి మంచిదే కదా” అంది ఆమె.

ఆ సాయంత్రం బెంగళూరు మనిషి రాలేదు. వారానికి కూడా రాలేదు. కూతురి ఫీజు కట్టారు. జూలైలో వంక మొదటిసారి పారింది. ట్రాక్టరులో కాయ దాటింది.

ఆగస్టులో సర్పంచి కొడుకే ఇంటికి వచ్చాడు. బండి తన పేరుకు మార్చుకున్నాడట, సి-బుక్కు చూపించాడు. “నలభై వేలకు ఇచ్చేస్తా అన్నా. మీ అమ్మను ఎక్కించుకున్న బండి, మీ ఇంట్లోనే ఉండనీ” అన్నాడు.

అన్న పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. లోపలికి చూసి భార్యను కేకేశాడు. “ఏమే, ఆ పెన్సిలు రుద్దిన కాగితం ఎక్కడ పెట్టినావు?”

ఆమె నోటుబుక్కులోంచి తెచ్చి ఇచ్చింది. అన్న కాగితాన్నీ సి-బుక్కునూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కొక్క అంకె చూసుకుంటూ పోయాడు.

“ఇంజన్ నంబరు ఇంకా పాతదే ఉంది తమ్ముడూ. అది రాయించుకుని, ముందు షాఫ్టు వేయించుకుని రా. అప్పుడు కూర్చుందాం. కాఫీ తాగి పో.”