పంక్తిలో పుట్టిన సంఘం
(పెనుగంచిప్రోలు స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ పెట్టుకున్నామో ఆ మాస్టారు వారమంతా బడిలో లెక్కలు చెప్పేవారు, ఆదివారం గుళ్లో బైబిలు చెప్పేవారు. క్రిస్మస్ ప్రేమవిందులో ఎంత బతిమాలినా మొదటి పంక్తిలో కూర్చునేవారు కాదు. నా చిన్నప్పుడు ఒక ఊళ్లో ఆయన పక్కనే చివరి పంక్తిలో కూర్చున్నాను. వడ్డన మా దాకా వచ్చేసరికి గంపలో అన్నం అడుగంటింది. కూరలో ముక్క లేదు, పులుసే మిగిలింది. మాస్టారు విస్తరి ముందు నుంచి లేచి వంటల దగ్గరికి వెళ్లారు. మూతపెట్టిన గిన్నె ఒకటి కనబడింది. "ఇదెవరికి?" అన్నారు. "కమిటీవాళ్లకండీ." ఆయన ఇంకేమీ అనలేదు. గిన్నె తానే ఎత్తుకొచ్చి మా వరసలో వడ్డించారు.

క్రైస్తవ సంఘం బైబిల్లో ఎక్కడ పుట్టిందో చెప్పమని నన్ను పిలిచారు. నాకు ముందు ఆ గిన్నే గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

మొదట మాట సంగతి చూద్దాం. వాన కురిస్తే చర్చి కారుతోందంటాం. మనుషులు తగాదా పడితే సంఘం చీలిందంటాం. గోడలకో మాట, మనుషులకో మాట మనకు ముందునుంచీ ఉన్నాయి. కొత్త నిబంధనలోని గ్రీకు మాట ఎక్లేసియా. పిలిస్తే కూడిన జనం అని దాని అర్థం. మన అనువాదకులు దానికి సంఘము అన్న మాట ఎంచుకున్నారు. సరైన ఎంపిక. ఎఫెసు పట్టణంలో గోలచేసిన జనసభకు కూడా అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో గ్రీకులో ఇదే మాట వాడారు. అంటే అది సంత వీధిలో నలిగిన మాట, గుడికోసం పుట్టింది కాదు. నాలుగు సువార్తల్లోనూ ఈ మాట మత్తయిలో తప్ప కనబడదు. అక్కడైనా 16, 18 అధ్యాయాల్లోనే ఉంది. ఇక కట్టడం మాటకొస్తే, పురావస్తువులవాళ్లు తవ్వి తీసిన తొలి ప్రార్థనాగృహాల్లో పేరున్నది సిరియాలోని దూరా యూరోపస్‌ది. అదీ మూడో శతాబ్దంలో ఆరాధనకు అనువుగా మార్చుకున్న ఒక ఇల్లే. అప్పటిదాకా సంఘమంటే ప్రిస్కిల్ల అకుల ఇంట, ఫిలేమోను ఇంట కూడిన మనుషులే.

పెంతెకొస్తు దినాన యెరూషలేములో సుమారు మూడువేలమంది బాప్తిస్మం పొందారని లూకా రాశాడు. ఆ వెంటనే వాళ్లు ఏం చేసేవారో నాలుగు సంగతులు చెప్పాడు: బోధ వినడం, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఇంటింటా కలిసి తిన్నారు. కలిసి తిన్నచోటే తగాదా కూడా మొదలైంది.

మన పెద్దలు పంక్తిలో వలపక్షం పనికిరాదన్నారు. యెరూషలేములో జరిగింది అచ్చంగా అదే. రోజువారీ వడ్డనలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు వచ్చింది. అపొస్తలులు కసరలేదు, ఓర్చుకోమనలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. స్తెఫను మొదలుకొని నీకొలాసు దాకా ఆ పేర్లు చదవండి. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందన్నారో ఆ వైపువాళ్ల చేతికే గరిటె ఇచ్చారని నేను చదువుకుంటాను.

రెండో తగాదా అంతియొకయలో. శిష్యుల్ని క్రైస్తవులని మొదట పిలిచింది ఆ ఊళ్లోనే. పేతురు అక్కడ అన్యజనులతో కలిసి తింటూ, యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే భయపడి పంక్తిలోంచి తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుట నిలదీశాడు. గలతీయుల పత్రికలో ఆ సంగతి దాచకుండా రాశాడు.

మూడోది కొరింథులో. ఉన్నవాళ్లు ముందే తిని తాగి మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. ప్రభురాత్రి భోజనం గురించి మనకున్న అతి పాత రాత పౌలు వాళ్లకు రాసిన ఆ మందలింపులోనే ఉంది. సువార్తలకంటే ముందరిది, సుమారు క్రీ.శ. 54 నాటిది. ప్రతి ప్రభుబల్ల దగ్గరా మనం వినే ఆ మాటలు తిండి దగ్గరి అన్యాయాన్ని సరిదిద్దడానికి తొలిసారి కాగితమెక్కాయి.

ఇక మన సీమకు వద్దాం. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీ దొరలు బందరులో దిగారు. అయినా ఈ ఎగువ కృష్ణా పల్లెల్లో సంఘానికి నాంది పలికిన పేరు దొరది కాదు. మన నందిగామ దగ్గరి రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, మిషనరీ ముఖం చూడకముందే విగ్రహాలు వదిలి ఒక్క దేవుణ్ణి వెతికాడు. 1859లో డార్లింగ్ అనే మిషనరీ చేత బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత సువార్త చుట్టరికాల బాటనే ఊరూరా నడిచింది. ఆ బాటే బలం, ఆ బాటే చిక్కు కూడా. ఇక్కడ మాలపల్లెల్లో, ఒంగోలు వైపు మాదిగపల్లెల్లో సంఘాలు పెరిగాయి. పల్లెలతోబాటు పల్లెల మధ్య ఉన్న గీతలూ లోపలికొచ్చాయి.

దొరల పంక్తిలోనూ వలపక్షం ఉండేది. 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆ మాట వాళ్ల ముఖానే అన్నారు. తోటి భారతీయ సేవకుణ్ణి ఒక్కపూట భోజనానికి పిలవని మిషనరీలున్నారని చెప్పి, మాకు స్నేహితుల్ని ఇవ్వండని అడిగారు. ఆయనే 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. తమిళుడై ఉండీ తెలుగు నేర్చుకుని, మాలమాదిగలు ఒకే సంఘంగా ఉండాలని పాటుపడ్డారు. ఆయన కోరుకున్న ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుకట్టింది. అది చూడకుండానే 1945లో కన్నుమూశారు.

మాదే అసలు సంఘం, మాదే బైబిలు ప్రకారం కట్టిన సంఘం అని ఇవాళ సందుకో బోర్డు వేలాడుతోంది. బాప్తిస్మం ముంచి ఇవ్వాలా చిలకరించి ఇవ్వాలా అని వాదించుకుంటాం. వాదించుకోవచ్చు, తప్పులేదు. నేనడిగేది మాత్రం ఒకటే. మీ సంఘంలో మాలమాదిగ ఇళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నారా? భర్తపోయిన ఆడమనిషి మాటకు కమిటీలో విలువుందా? ఆదిమ సంఘం పోలికలు అక్కడ వెతకండి.

ఈసారి క్రిస్మస్ ప్రేమవిందుకు ఒక్క పని చేయండి. వడ్డన చివరి పంక్తినుంచి మొదలుపెట్టండి. మూతపెట్టిన గిన్నె ఏదైనా ఉంటే ముందు దాని మూత తీయండి. మాస్టారి జ్ఞాపకానికి అంతకుమించిన సభ అక్కర్లేదు.