బజారు – నల్లబజారు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గుంటూరు, ప్రకాశం మండలముల పల్లెలలో బజారనగా అంగడి మాత్రమే కాదు, వీధి యనియు అర్థము. పెండ్లి ఊరేగింపు బజారున సాగును. ఇంటి తగవు ముదిరినచో “బజారున పడినది” అందురు. సంస్కృతమున విపణి, తెనుగున అంగడి యుండగా, పారసీకమునుండి వచ్చిన ఈ మాట నలుగురి కన్నులు పడు చోటికి పేరై నిలిచినది.

అట్టి మాటకు నల్లరంగు పూసినది యుద్ధకాలము. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి బియ్యము మదరాసు రాజధానికి రాకుండెను. 1943లో వంగదేశపు కరవు లక్షలాది జనులను బలిగొనెను. ధాన్యమునకు, బట్టకు, కిరసనాయిలుకు కంట్రోళ్లు వచ్చెను. 1945లో యుద్ధము ముగిసినను అవి ముగియలేదు. 1946లో నిత్యావసర వస్తువుల సరఫరాకై తాత్కాలిక చట్టము వెలువడెను. 1947 డిసెంబరులో ఆహారధాన్యములపై పట్టు సడలించి, 1948లో మరల బిగించిరి. మదరాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము 1952లో బియ్యముపై కంట్రోలు తొలగించినది.

ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మున్నగు దినపత్రికలు మదరాసునుండి వచ్చు రోజులవి. పల్లె గ్రంథాలయమున చదువువా డొకడు, వినువారు పదుగురు. బ్లాక్ మార్కెట్ అను ఆంగ్లపదము తెలుగు పత్రికలలో నల్లబజారైనది. దొంగబజారనియు వ్రాయుట కలదు. ఈ రెంటికిని భేదము గమనింపదగినది. దొంగబజారులో దొంగ కానవచ్చును. నల్లబజారులో రంగే కాని మనిషి లేడు. “సరకు నల్లబజారుకు తరలినది” అను వాక్యమును వ్యాకరణము తెలిసినవారు పరీక్షింతురుగాక! తరలించినవా డందు లేడు. సరకే కాళ్లు మొలిచి నడచినట్లున్నది.

నిజమునకు ఆ బజారు ఏ ఊరి పొలిమేరలోను లేదు. అది గాదె వెనుక, పాతర అడుగున, కొట్టు లోపలి గదిలో ఉండెను. పత్తి పండించిన రైతే పంచెలచాపుకై కార్డు పట్టుకొని నిలువవలసి వచ్చెను. నూలు చాలక చేనేత మగ్గములు మూలబడెను. కూతురి పెండ్లికి చీర దొరకక హెచ్చు ధర యిచ్చిన తండ్రియు, ధర పెరుగు వరకు కొట్టుకు తాళము వేసిన వర్తకుడును ఒకే మాటలో ఇమిడిపోయిరి. ఒకనిది అవసరము, మరియొకనిది ఆశ. మాట మాత్రము రెంటిని కలిపి చీకటిలో పెట్టినది. లెక్కలలో జమ ఎవరిపేరనో, ఖర్చు ఎవరిపేరనో వ్రాయని చిట్టా చెల్లదు. వార్తకును అదే నియమము.

పత్రికల మాటను పల్లెజనులు తమ నోట మలచుకొనిరి. “బ్లాకులో కొన్నాము” అనిరి. కంట్రోళ్లు పోయి దశాబ్దములు గడచినను, చౌకడిపో బియ్యమును నేటికిని “కంట్రోలు బియ్యము” అనువారు కలరు. ఆ రంగే ధనమునకును అంటి నల్లధనమైనది. లెక్కకు రాని సొమ్మును పట్టుటకు 1946 జనవరిలో పెద్దనోట్లను రద్దుచేసిరి. 2016 నవంబరులో మరల చేసిరి.

నేటికిని యూరియాకు కొరత వచ్చినను, గిరాకీగల పత్తివిత్తనము, మిరపవిత్తనము హెచ్చుధరకు అమ్ముడైనను, వార్తలలో నల్లబజారు తలయెత్తుచునే యున్నది. ఆ మాట వ్రాయుట తప్పు కాదు, దానితోనే ఆగుట తప్పు. అమ్మినవా డెవడు? కొన్నవా డెవడు? బిల్లు ఎంతకు, చెల్లించిన దెంత? ఈ ప్రశ్నలకు బదులు లేని వార్త సగము వార్తయే.

పత్రిక చదివి “అయ్యో” అని మడిచి పెట్టుటకు గ్రంథాలయ మక్కరలేదు. నలుగురు కూర్చుండి చదువుకొను చోటనే నలుగురు అడుగుటకు ధైర్యము కలుగును. అట్లడుగు పాఠకు లున్న ఊరిలో చీకటి గదిలోని బేరము వీధిలోనికి వచ్చును. బజారు మరల బజారగును.