ఇన్సూరబుల్ ఇంట్రెస్ట్: ఎవరి ప్రాణం మీద ఎవరు పాలసీ తీసుకోవచ్చు?

ఈ ఎపిసోడ్‌లో చాలామంది అడిగే ప్రశ్న ఒకటి చూద్దాం. "మా బావమరిదికి 5 లక్షలు అప్పిచ్చాను. రేపు అతనికేమైనా అయితే నా డబ్బు గతేంటి? అతని మీద నేను పాలసీ తీసుకోవచ్చా?"

ఇక్కడే ఇన్సూరబుల్ ఇంట్రెస్ట్ అనే మాట వస్తుంది. ఇంట్రెస్ట్ అంటే వడ్డీ కాదు, ఇష్టమూ కాదు. ఆ మనిషి పోతే మనకు డబ్బు రూపంలో నష్టం జరిగే సంబంధం. అది లేకుండా తీసుకుంటే బీమా కాదు, పందెం. పైగా ఆ మనిషి ఎంత త్వరగా పోతే పందెం కాసినవాడికి అంత లాభం! ఇంగ్లండులో ఒకప్పుడు ఇలాగే పేరున్న వాళ్ళ ప్రాణాల మీద పాలసీలు తీసుకునేవారు. 1774లో చట్టం తెచ్చి ఆపారు. మన 1938 బీమా చట్టంలో ఈ మాటకు నిర్వచనం లేదు. కానీ 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. మన దగ్గర ఆధారం అదే.

మన ప్రాణం మీద మనకు, భార్యాభర్తలకు ఒకరి మీద ఒకరికి ఈ సంబంధం ఉన్నట్టే లెక్క, రుజువు అడగరు. అన్నదమ్ములు, బావమరుదులు అంటే మాత్రం చుట్టరికం ఒక్కటే చాలదు. అయితే అప్పిచ్చినవాడికి అప్పు మేరకు ఉంటుంది. కాబట్టి 5 లక్షల వరకు చట్టం ఒప్పుకుంటుంది, 50 లక్షలకు ఒప్పుకోదు.

సరే, ఏడాది తిరక్కుండా బావమరిది అప్పు తీర్చేశాడనుకోండి. పాలసీ సంగతేంటి?

దీని మీద మంచి కేసు ఉంది. విలియం పిట్ అని బ్రిటన్ ప్రధానమంత్రి. బండ్లు తయారుచేసే వ్యాపారులకు బాకీ పడ్డాడు. వాళ్ళు ఆయన ప్రాణం మీద 500 పౌండ్లకు పాలసీ తీసుకున్నారు. 1806లో ఆయన పోయాడు. అప్పులన్నీ పార్లమెంటు ఇచ్చిన డబ్బుతో తీరిపోయాయి. ఇక మీకు నష్టమేముంది అని 1807లో కోర్టు క్లెయిమ్ కొట్టేసింది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అన్నేళ్ళు కట్టిన ప్రీమియం మాటేమిటి? 1854లో డాల్బీ కేసులో ఆ తీర్పు పక్కకు పోయింది. జీవిత బీమాలో పాలసీ తీసుకున్న రోజున ఇంట్రెస్ట్ ఉంటే చాలు, చనిపోయిన రోజున ఉండక్కర్లేదు అన్నారు. మనమూ ఆ సూత్రమే పాటిస్తున్నాం. అందుకే భార్య మీద పాలసీ తీసుకున్నాక విడాకులైనా, ఆ ఒక్క కారణంతో పాలసీ రద్దు కాదు. అగ్నిప్రమాద బీమా అలా కాదండోయ్, ఇల్లు కాలిన రోజున అది మీది అయ్యుండాలి.

బావమరిది విషయంలో నా సలహా వేరు. అతనికి తెలియకుండా, సంతకం లేకుండా పాలసీ కుదిరే పని కాదు. అంతకంటే అతనే తన మీద టర్మ్ పాలసీ తీసుకుని, దాన్ని 38వ సెక్షన్ కింద మీ పేర అసైన్ చేస్తే సులువు. ఇంటి అప్పులకు బ్యాంకులు చేయించుకునేది అదే. కాకపోతే పాలసీల వ్యాపారం కోసం చేస్తున్న అసైన్‌మెంట్ అనిపిస్తే కంపెనీ తిరస్కరించవచ్చు, 2015 సవరణ ఆ వీలు ఇచ్చింది.

ఇంకోటి. "ప్రీమియం నేను కడతా, నువ్వు సంతకం పెట్టు, నామినీగా నా పేరు రాయి" అని బయటివాళ్ళెవరైనా వస్తే సంతకం పెట్టకండి. ముఖ్యంగా ఇంట్లో జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళ చేత పెట్టించకండి. కాగితం మీద అది సొంత పాలసీలా కనిపిస్తుంది, లోపల జరిగేది పందెమే.

నామినీకి నిజంగా ఎంత హక్కు ఉంటుందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండీ.