క్షమించే హక్కు ఎవరిది?
(కె.జి. కన్నబిరాన్ స్మారకోపన్యాసం, కృత్తివెన్ను)



ఉరిశిక్షలకూ ఎన్‌కౌంటర్లకూ ఎదురు నిలిచి వాదించిన పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారిని తలచుకునే సభలో మన కృష్ణా జిల్లా ఊళ్లు కాటూరును, యలమర్రును దాటి మాట్లాడలేను. 1949లో కమ్యూనిస్టుల కోసం వెతుకుతూ మలబారు పోలీసులు ఆ రెండు ఊళ్ల మీద పడ్డారు. మగవాళ్ల బట్టలూడదీసి గాంధీ విగ్రహం ముందు నడిపించారు.

ఆ కమ్యూనిస్టులే 1951 అక్టోబరు 21న తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. ఆ పోరాటంలో 12 మంది రైతాంగ ఖైదీలకు ఉరిశిక్ష పడింది. బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ లండన్ నుంచి వచ్చి వాదించినా సుప్రీంకోర్టు కనికరించలేదు. ప్రజాందోళన ఆగలేదు, చివరకు ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి. 1952లో పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. తనపై తిరగబడ్డవారికి రాజ్యం దారి ఇచ్చింది, ప్రజాస్వామ్యం బలపడింది. మరి కాటూరు పడిన అవమానానికి ఈ లెక్కలో చోటెక్కడ?

క్షమకు హద్దెక్కడో అంతర్జాతీయ న్యాయంలో చూద్దాం. 1977 నాటి జెనీవా ఒప్పందాల రెండో అదనపు ప్రోటోకాల్ అంతర్యుద్ధం ముగిశాక పోరాడినవారికి వీలైనంత విస్తృతంగా క్షమాభిక్ష ఇవ్వమంది. కానీ చిత్రహింసలకు, సామూహిక హత్యలకు అది రక్షణ కాదని అంతర్జాతీయ న్యాయం క్రమంగా తేల్చింది. పెరూ సైనికులను కాపాడిన క్షమాభిక్ష చట్టాలు చెల్లవని 2001లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది. వర్ణవివక్ష పాలన ముగిశాక దక్షిణాఫ్రికా, తాము చేసిన నేరాన్ని బహిరంగంగా, పూర్తిగా చెప్పినవారికే క్షమ అంది. వచ్చిన 7,000కు పైగా దరఖాస్తుల్లో అధిక భాగాన్ని తోసిపుచ్చింది.

మన దగ్గర జరిగింది వేరు. 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీలో, నక్సలైట్ ఉద్యమ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. వాళ్లకు క్షమ దొరకలేదు. పోలీసుల ఎన్‌కౌంటర్ జరిగితే మాత్రం చనిపోయినవాడి మీదే కేసు పెట్టి, ముద్దాయి లేడని మూసేశారు. ఏ శాసనసభా చేయని క్షమాభిక్ష చట్టం ఇలా పోలీస్ స్టేషన్లలోనే అమలైంది.

మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, కన్నబిరాన్ వంటివారు ఏళ్ల తరబడి శ్రమిస్తే 2004 అక్టోబరులో హైదరాబాదులో నక్సలైట్లతో చర్చలు జరిగాయి. కొద్ది నెలల్లోనే అవి చెదిరిపోయాయి. ఎన్‌కౌంటర్ మరణాన్ని నరహత్య కేసుగా నమోదు చేయాలనీ, ఆత్మరక్షణను విచారణలోనే రుజువు చేసుకోవాలనీ 2009 ఫిబ్రవరి 6న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పుపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో తానే 16 మార్గదర్శకాలు ఇచ్చి ఎఫ్ఐఆర్‌ను, స్వతంత్ర దర్యాప్తును తప్పనిసరి చేసింది.

మిత్రులారా, తిరుగుబాటును క్షమించడం రాజ్యం చేతిలో పని. చిత్రహింసను, హత్యను క్షమించే హక్కు దానికి లేదు. పోలీసు ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి మనుషులను చంపిన నక్సలైట్ పార్టీకీ లేదు. రేపు ఏ శాంతి ఒప్పందం కుదిరినా ఆయుధం దించినవారిని ఇంటికి రానివ్వండి. దానితోపాటే, చనిపోయిన ప్రతి మనిషి కుటుంబం తన మాట బహిరంగ విచారణలో చెప్పుకునే హక్కును ఆ ఒప్పందంలోనే రాయండి. అది లేని కాగితం మీద పౌరులుగా మనం సమ్మతి తెలపకూడదు.