కట్టె మోసిన చేతికి ఉలి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున మన పాటల గురించి, మన మందు చెట్ల గురించి చెప్పుకుంటాం. నేను మాత్రం పాత చెక్క గురించి మాట్లాడతాను. విప్పేసిన పడవ చెక్క, పడగొట్టిన పెంకుటింటి దూలం, గాలివానకు కూలిన తాటిచెట్టు. మన తీరంలో ఇవి కంటికి కనబడుతూనే ఉంటాయి. చాలావరకు పొయ్యిలోకి పోతాయి. అలా కాలిపోయే చెక్కలో మన పిల్లలకు ఒక బతుకుతెరువు ఉందని చెప్పడానికి వచ్చాను.

మనకు కట్టెతో పని కొత్త కాదు. శ్రీహరికోట దీవిని 1835లో అప్పటి ప్రభుత్వం తీసుకుంది. మద్రాసు పట్నానికి వంటచెరకు కావాలి. ఆ అడవిలో ఉన్నది మన యానాదులు. తేనె తీసి ఇచ్చారు, చిరివేరు తవ్వి ఇచ్చారు, కట్టెలు కొట్టి మోశారు. ఆ కట్టెలు కాలువ మీద పడవల్లో మద్రాసు చేరాయి. తర్వాత ఆ దీవి రాకెట్ కేంద్రం అయింది, 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. ఇన్ని తరాలు కట్టె మన భుజం మీదే ఉంది, కానీ మనకు వచ్చింది మోపు కూలి మాత్రమే. మోపు బరువుకు అమ్ముడవుతుంది. అదే చెక్క పీట అయితే పనితనానికి అమ్ముడవుతుంది. ఈ తేడా మన పిల్లలకు తెలియాలి.

చెక్క ఎక్కడ దొరుకుతుంది? 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మన రేవుల్లో ఫైబరు పడవలు బాగా పెరిగాయి. చెక్క నావలు ఒడ్డెక్కాయి. జువ్వలదిన్నె నుంచి తూపిలిపాలెం దాకా, జిల్లాలు మారినా తీరం ఒకటే. పాత ఇళ్ళు పడగొడితే టేకు దూలాలు, ద్వారబంధాలు వస్తాయి. ఓడరేవు వైపు, కంపెనీల వైపు సరుకు కింద వేసే చెక్క పలకలు వస్తాయి. వాటి మీద ముద్ర చూడండి. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే విషవాయువు పట్టించినది, ఇంట్లోకి తేవద్దు, కాల్చవద్దు.

మా హాస్టల్లో సెలవురోజు పిల్లలకు ఒక పెద్ద వడ్రంగి తాత పని నేర్పించాడు. ఆయన చెప్పిన వరస ఇది. ముందు సుత్తితో తట్టాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చిన చెక్క బొద్దుగా పలుకుతుంది. తర్వాత మొనతో గుచ్చి చూడాలి. సులువుగా దిగితే ఆ భాగం కోసెయ్యాలి. తర్వాత అయస్కాంతం ముక్కను పలక పొడవునా జరపాలి. లోపల విరిగిపోయిన ఇనుప మేకు ఉంటే అక్కడ అతుక్కుంటుంది. ఒక్క మేకు మిగిలినా రంపం పళ్ళు పోతాయి, చిత్రిక నోరు పోతుంది. పైగా విరిగిన మేకు కంటికి ఎగురుతుంది.

పడవ చెక్కకు ఇంకో గుణం ఉంది. ఏళ్ళ తరబడి ఉప్పు తాగి ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, కొత్త మేకును కూడా తుప్పు పట్టిస్తుంది. అందుకే మంచినీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగి, నీడలో, పలకకు పలకకు మధ్య సన్న బద్దలు పెట్టి ఆరబెట్టాలి. ఎండలో పడేస్తే పగులుతుంది. బిగించడానికి ఇత్తడి మరలు మేలు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. రంగు గీకేటప్పుడు సన్న దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోండి, పొడిని తడిగుడ్డతో ఎత్తండి. ఆ రంగు చెక్కను వంటపొయ్యిలో పెట్టకండి. చిన్నపిల్లలు ఆ పొగ పీలుస్తారు.

ఇంత చిన్న ముక్కలతో ఏం చేస్తామని అడుగుతారు. మన పక్కనే ఉదయగిరి ఉంది. అక్కడ చెక్క చెంచాలు, గరిటెలు ఇళ్ళల్లో కూర్చొని చేస్తారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెంచాకు జానెడు చెక్క చాలు. అయితే తినే వస్తువుకు రంగు పడిన పడవ చెక్క పనికిరాదు. దానితో పీటలు, పుస్తకాల అరలు, వలలు పెట్టుకునే పెట్టెలు చేద్దాం.

ఇప్పుడు అసలు మాట. మా దగ్గర చదివిన ఒక పిల్లవాడు రెండు పడవ పలకలు సైకిలు మీద కట్టుకొని వస్తున్నాడు. అవి వాళ్ళ మామకు కూలి కింద ఇచ్చినవి. దారిలో ఆపి, ఎక్కడ ఎత్తుకొచ్చావని అడిగారు. కాగితం లేదు. పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. వేరే పిల్లవాడైతే ఎక్కడ కొన్నావని అడిగేవారు. నేరజాతుల చట్టం 1952లో రద్దయింది, కానీ మనల్ని చూసే చూపులో అది ఇంకా రద్దు కాలేదు.

ఆ చూపు మారేదాకా కాగితం మన చేతిలో ఉండాలి. చెక్క కొన్నా, ఊరికే ఇచ్చినా, కూలి కింద ఇచ్చినా చీటీ రాయించుకోండి. ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ, ఎన్ని పలకలు, సంతకం. పడవదైతే దాని రిజిస్ట్రేషన్ నంబరు కూడా. చదువుకున్న మీ పిల్లలే ఆ చీటీ రాస్తారు. వరదకు కొట్టుకొచ్చిన దుంగను ఇంటికి తేవద్దు. అది ఎవరిదో తేలేదాకా ప్రభుత్వానిదేనని అటవీ చట్టం చెబుతుంది. ఎర్రచందనం ముక్క కనబడితే చెయ్యి పెట్టకుండా అటవీ శాఖకు చెప్పండి. ఎవరో సంపాదించుకుంటారు, జైలుకు పోయేది మనవాడు.

దారులు లేకపోలేదు. 8వ తరగతి పాసైతే ఐటీఐలో ఏడాది వడ్రంగం కోర్సుకు అవకాశం ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగం ఉంది, పడవల తయారీ కూడా ఉంది. 18 ఏళ్ళు నిండి ఆ పని చేస్తున్నవారికి, ఇంటికి ఒకరికి. శిక్షణ రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం. ఇది ఫలానా కులానికే అని లేదు. మీ సచివాలయంలో అడగండి. ఆధార్, బ్యాంకు ఖాతా ముందే సరిచూసుకోండి.

సంఘం పెద్దలను నేను అడిగేవి మూడే. కాలనీకి ఒక పనిముట్ల పెట్టె: రంపం, ఉలి, చిత్రిక, సుత్తి, మూలమట్టం. చీటీలు రాసుకోవడానికి ఒక పుస్తకం. వారానికి ఒక పూట వచ్చి నేర్పే ఒక వడ్రంగి, ఆయనకు ఇవ్వాల్సిన కూలి. ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టండి. మా హాస్టల్లో కొలత తప్పకుండా గీత గీసేది వాళ్ళే.

వచ్చే ఏడాది ఇదే రోజున ఈ వేదిక మీద మన పిల్లలు చేసిన కుర్చీలు వేద్దాం. పెద్దలు వాటి మీద కూర్చుందురు గాని. జై ఆదివాసీ. సెలవు.