వాతావరణ చట్టం చదివే పిల్లలు మన ఊళ్ళ నుంచి రావాలి

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, పంటల బీమా, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకుందామని మీరంతా వచ్చారు. మాకేమో 'వాతావరణ మార్పుల చట్టం, హరిత సాంకేతిక పరిజ్ఞానం బదిలీ' అని అంశం ఇచ్చారు. పేరు చూడగానే మా కమిటీలోనే కొందరు నవ్వారు. "పదో తరగతితో ఆగిపోయినవాళ్ళం, ఇది ప్రొఫెసర్ల సంగతి గదా" అన్నారు. నిజమే, ప్రొఫెసర్ల సంగతే. కాని వాళ్ళు చదివే, రాసే కాగితం చివరికి మన చేను గట్టు మీదికే వస్తోంది. వచ్చిన రోజున దాన్ని చదివి చెప్పే మనిషి మన పక్కన ఉండటం లేదు. ఈ పూట మేము చెప్పదలచుకున్నది అంతే.

ముందు మా దగ్గర జరిగింది చెబుతాం. మాది సాగర్ ఎడమ కాల్వ కింద చివరి భూములు. ఒక రబీలో ఒక కంపెనీ తరఫున కుర్రాళ్ళు వచ్చారు. అడుగు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం, కింది భాగానికి చిల్లులు. దాన్ని మడిలో పాతితే లోపల నీటి మట్టం కనిపిస్తుంది. నేల పైనుంచి 15 సెంటీమీటర్ల లోతుకు నీళ్ళు దిగాక మళ్ళీ తడి పెట్టాలి. పూత దశలో మాత్రం నీళ్ళు నిలపాలి. ఇదే ఆరుతడి వరి. మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటే మట్టికి గాలాడక మీథేన్ వాయువు పుడుతుంది. ఆరబెడితే ఆ మీథేన్ సుమారు సగానికి తగ్గుతుందని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెబుతోంది. నీళ్ళూ ఆదా అవుతాయి. తగ్గిన మీథేన్‌ను లెక్కగట్టి, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైనంతకు ఒక క్రెడిట్ చొప్పున అమ్ముతారు. అందులో మనకు వాటా ఇస్తామన్నారు.

పద్ధతిలో తప్పులేదు, దానికి మేము వ్యతిరేకం కాదు. తిరకాసంతా ఒప్పంద పత్రంలో ఉంది. పేజీలకు పేజీలు ఇంగ్లీషులో ఉంది. ప్రతి పేజీ కింద సంతకం పెట్టమన్నారు. సగం మంది అప్పటికే పెన్ను పట్టుకున్నారు. మా ఊళ్ళో ఒక కౌలు రైతు కూతురు లా కాలేజీలో చదువుతోంది, పండక్కి ఇంటికొచ్చి ఉంది. "ఒక్క రాత్రి ఇవ్వండి బాబాయ్, చదివి చెబుతా" అంది. పొద్దున్నే వచ్చి చెప్పింది. క్రెడిట్ల మీద హక్కంతా కంపెనీదే. మనకిచ్చేది ఖర్చులు పోను మిగిలినదాంట్లో వాటా, ఆ ఖర్చులు ఎవరు లెక్కగడతారో రాయలేదు. మనల్ని అడక్కుండానే కంపెనీ ఈ ఒప్పందాన్ని ఇంకొకరికి బదలాయించవచ్చు. తగాదా వస్తే ఎక్కడో దూరపు నగరంలో మధ్యవర్తి ముందు తేల్చుకోవాలి. చివర్న ఒక మాట అడిగింది: "పాస్‌బుక్ ఉన్నవాళ్ళే సంతకం పెట్టాలంట. మడి తడిపేదీ ఆరబెట్టేదీ మా నాన్న. ఇందులో మా నాన్న పేరు ఎక్కడుంది?"

ఎవరూ జవాబు చెప్పలేకపోయాం. పట్టాదారులూ తలొంచుకున్నారు.

కాగితం వెనక్కి పంపాం. కొన్నాళ్ళకు తెలుగు ప్రతి తెచ్చారు, ఒప్పందం నుంచి మధ్యలో బయటికి రావచ్చనే షరతు చేర్చారు. కౌలుదారు సంగతి మాత్రం అలాగే ఉంది. కొందరు సంతకం పెట్టారు, కొందరు పెట్టలేదు. వారబందీలో నీళ్ళొచ్చే రోజు ఆ గొట్టాన్ని అడిగి రాదు కాబట్టి, పెట్టినవాళ్ళలోనూ చివరి మళ్ళవాళ్ళు ఇబ్బంది పడ్డారు. ఈ నీటి విడుదల సంగతి కూడా ఒప్పందంలో లేదు.

ఆ కాగితం ఆ కుర్రాళ్ళు పుట్టించింది కాదు, దానికి ముప్పై ఏళ్ళకు పైబడిన వంశవృక్షం ఉంది. 1992లో రియోలో ప్రపంచ దేశాలు వాతావరణ మార్పుల ఒప్పందం ఒకటి రాసుకున్నాయి. పొగ ఎక్కువగా వదిలి ధనవంతులైన దేశాలు, కాలుష్యం తగ్గించే సాంకేతికతను మన లాంటి దేశాలకు బదిలీ చేయటానికి, దానికి డబ్బు సమకూర్చటానికి వీలైన చర్యలన్నీ తీసుకోవాలని అందులో 4వ అధికరణం చెబుతోంది. ఇంకో మాట కూడా ఉంది: పేద దేశాలు తమ బాధ్యత ఎంత నెరవేరుస్తాయన్నది ధనిక దేశాలు డబ్బు, సాంకేతికత ఎంత ఇస్తాయన్నదాన్ని బట్టి ఉంటుందని. మంచి మాట, న్యాయమైన మాట. కాని మూడేళ్ళు తిరక్కముందే, 1995 నుంచి, డబ్ల్యూటీఓ మేధో సంపత్తి ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒక చేత్తో టెక్నాలజీ ఇస్తామన్న దేశాలే రెండో చేత్తో దానికి 20 ఏళ్ళ పేటెంట్ తాళం వేశాయి. 1997 క్యోటో ఒప్పందం, తగ్గించిన కాలుష్యాన్ని సరుకులా కొని అమ్ముకునే దారి తెరిచింది. 2015 పారిస్ ఒప్పందంలో సాంకేతికత కోసం 10వ అధికరణం ఉంది గాని, అందులో పేటెంట్ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. సాయం అన్నది మెల్లగా వ్యాపారం అయిపోయింది.

మనమే తయారు చేసుకుందామంటే అదీ సాగనివ్వలేదు. జాతీయ సోలార్ మిషన్‌లో కొంత భాగానికి మన దేశంలో తయారైన సెల్స్, మాడ్యూల్స్ వాడాలని ప్రభుత్వం నిబంధన పెడితే అమెరికా డబ్ల్యూటీఓలో కేసు వేసింది. 2016లో మన దేశం ఓడిపోయింది. మన పొలంలో సోలార్ మోటారు ఎక్కడిది, దాని ధరెంత అన్నది ఇలాంటి తీర్పులతో కూడా ముడిపడి ఉంటుంది.

అంటే చట్టం ఎప్పుడూ మనకు ఎదురేనా? కాదు. పత్తి రైతులు గుర్తు చేసుకోండి. బీటీ విత్తనం కూడా సాంకేతికత బదిలీయే. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటి అమ్మిన రోజులున్నాయి, అందులో పెద్ద ముక్క రాయల్టీకే పోయేది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్ ముందుకు వెళ్ళింది. ఆ ఏడే ప్యాకెట్ ధర 750కి దిగింది. మరుసటి ఏడు పత్తి విత్తనాల ధర నిర్ణయించే అధికారంతో రాష్ట్రం చట్టమే చేసుకుంది. తర్వాత గులాబీ రంగు పురుగు ఆ టెక్నాలజీని తట్టుకుని వచ్చింది, ఆ నష్టం రైతే మోశాడు, అది వేరే పోరాటం. కాని ధర తగ్గింది దుక్కి దున్నటం వల్ల కాదు, వాదన నిలబడటం వల్ల.

ఇంకొకటి మందుల సంగతి. 2012లో కేన్సర్ మందు నెక్సావర్ నెలకు 2 లక్షల 80 వేలు ఉండేది. మన పేటెంట్ల చట్టం 84వ సెక్షన్ కింద హైదరాబాద్ కంపెనీ నాట్కోకు నిర్బంధ లైసెన్సు వచ్చింది. అదే మందు 8,880 రూపాయలకు దిగింది. ఆ సెక్షన్ మందులకే అని రాసిలేదు. జనానికి అందుబాటు ధరలో దొరకని ఏ పేటెంటు వస్తువుకైనా వాదించవచ్చు. హరిత సాంకేతికతకు దాన్ని ఎలా వాడాలో చదివి, రాసి, కోర్టులో నిలబెట్టే మనుషులు కావాలి.

విత్తనానికి మన చేతిలో ఇంకో ఆయుధం ఉంది. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం రక్షణ పొందిన రకాన్నైనా రైతు దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. 2019లో గుజరాత్ బంగాళాదుంప రైతుల మీద పెప్సీకో తలకు కోటి రూపాయల పైన దావా వేసినప్పుడు దేశంలోని రైతు సంఘాలు ఈ సెక్షన్‌నే చూపించాయి. కొద్ది వారాల్లోనే కంపెనీ దావాలు వెనక్కి తీసుకుంటానంది. ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉంది. చదివినవాళ్ళున్నారు కాబట్టి పని చేసింది.

అందుకే ఈ చదువు గురించి చెబుతున్నాం. మనకు ఇంజనీరు తెలుసు, డాక్టరు తెలుసు, అమెరికా సాఫ్ట్‌వేర్ తెలుసు. లా అంటే నల్లకోటు, తాలూకా కోర్టు అనుకుంటాం. చట్టాన్ని పరిశోధించి, పాఠం చెప్పి, వ్యాసాలు రాసి, ప్రభుత్వాల చేత మాటలు మార్పించే వృత్తి ఒకటి ఉంది. షమ్నాద్ బషీర్ అనే ప్రొఫెసర్ ఉండేవారు, 2019లో పోయారు. ఆయన పేటెంట్ల చట్టం పండితుడు. నోవార్టిస్ కేన్సర్ మందు కేసులో ఏ కంపెనీ తరఫునా కాకుండా, ఒక అధ్యాపకుడిగా సుప్రీం కోర్టు ముందు వాదన వినిపించారు. పల్లెల్లో, పేద ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకు లా ప్రవేశ పరీక్షకు తర్ఫీదు ఇవ్వటానికి ఐడియా అనే సంస్థ పెట్టారు.

పసిఫిక్ సముద్రంలో వనువాటు అని చిన్న దీవుల దేశం ఉంది. సముద్రం పెరిగి ఊళ్ళు మునిగిపోతున్న చోటు. 2019లో అక్కడ లా చదివే 27 మంది విద్యార్థులు, వాతావరణం చెడగొట్టిన దేశాల బాధ్యత ఏమిటో ప్రపంచ న్యాయస్థానాన్నే అడగాలని పట్టుబట్టారు. తరగతి గదిలో మొదలైన మాటను వాళ్ళ ప్రభుత్వం ఎత్తుకుంది. 2023లో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసింది. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా రావచ్చని. అది సలహా మాత్రమే, అమలు చేసే డిక్రీ కాదు. అయినా రేపటి వాదనలకు అది పునాది. మన సుప్రీం కోర్టు కూడా 2024లో, వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణ పొందటం పౌరుల హక్కు అని చెప్పింది.

దారి చెబుతాం, రాసుకోండి. ఇంటర్ తర్వాత క్లాట్ రాస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటివి ఉన్నాయి. ఫీజులు లక్షల్లో ఉంటాయి, దాచం. లాసెట్ రాస్తే మన విశ్వవిద్యాలయాల్లో తక్కువ ఖర్చుతో చదవచ్చు. తర్వాత ఎల్ఎల్ఎం, నెట్, పీహెచ్‌డీ. ఆడపిల్లలకు ఇది మరీ చెప్పండి. "ఎక్కడ పరిశోధన చేయాలి?" అని పిల్లలు అడిగితే మన ఊరే చూపించండి: కార్బన్ క్రెడిట్‌లో కౌలుదారు వాటా, సోలార్ పార్కు లీజు భూమిలో కూలీల బతుకు, డ్రోన్లూ సెన్సార్లూ మన చేల నుంచి పట్టుకెళ్ళే లెక్కల మీద హక్కెవరిది. ఇవి మనకు రోజూ కళ్ళముందు కనపడేవే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇదే చదువు చదివినవాళ్ళే ఆ కంపెనీ ఒప్పందం కూడా రాశారు. మన పిల్లలు రేపు ఎటు కూర్చుంటారన్నది చదువు ఒక్కటే తేల్చదు. ఫీజుకు అప్పుచేసి, ఉద్యోగం దొరికిన చోటికి తోసేసి, తర్వాత మనోళ్ళు మారిపోయారని తిట్టుకుంటే లాభం లేదు. చదివే రోజుల్లోనే సంఘం వాళ్ళ చేయి పట్టుకోవాలి.

అందుకని సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాం. ఒకటి, తెలుగు ప్రతి లేకుండా, కనీసం వారం గడువు లేకుండా ఏ హరిత ఒప్పందం మీదా సంతకం పెట్టొద్దని గ్రామ కమిటీలు తీర్మానం చేయాలి. రెండు, వచ్చిన ప్రతి ఒప్పందం నకలు జిల్లా కమిటీకి చేర్చాలి. క్రెడిట్ ఎవరిది, ఎన్నేళ్ళు, దిగుబడి తగ్గితే ఎవరు భరిస్తారు, తగాదా ఎక్కడ, కౌలుదారు పేరుందా అన్న అయిదు ప్రశ్నలతో చూడాలి. మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంది, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు సాయం ఉచితం, వాడుకోవాలి. మూడు, లా చదివే రైతు కూలీల పిల్లల జాబితా మండలాలవారీగా రాసి, సెలవుల్లో వాళ్ళను సంఘం ఆఫీసులో కూర్చోబెట్టాలి. పుస్తకాల ఖర్చు సంఘం పెట్టుకోవాలి.

మా ఊరి అమ్మాయి ఇప్పుడు ఎల్ఎల్ఎం చేస్తానంటోంది. కార్బన్ ఒప్పందాల్లో కౌలు రైతు మీదే రాస్తానంది. వాళ్ళ నాన్న మాత్రం ఈ ఏడు కూడా నోటి మాట కౌలు మీదే నాట్లేశాడు. ఆమె అడిగిన ప్రశ్నకు ఒప్పందంలో జవాబు వచ్చేదాకా ఈ పని వదలొద్దు. సెలవు.