ఎముకల మందు పనిచేస్తోందా?

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఎముకలు గుల్లబారాయని వారానికో బిళ్ళ వేసుకునేది. "నడుం నొప్పి తగ్గలేదు, ఇంకెందుకీ మందు" అని నాలుగో నెలలో మానేసింది. మేమూ ఊరుకున్నాం. మరుసటేడు జారిపడి తుంటి విరిగింది.

ఆ మందు నొప్పికి కాదమ్మా, ఎముక విరక్కుండా. పనిచేస్తోందో లేదో నొప్పిని బట్టి తెలీదు. డాక్టరు చెప్పినట్టు ఏడాదికో రెండేళ్ళకో డెక్సా స్కాన్ మళ్ళీ తీయించాలి, వీలైతే మొదట తీసిన మిషన్ మీదే. ఎముక బలం పెరగకపోయినా, తగ్గకుండా నిలబడితే మందు పనిచేసినట్టే. నర్సీపట్నం నుంచి విశాఖ దాకా పోయి తీయించుకున్న పాత రిపోర్టు పాస్‌బుక్కులా దాచుకోండి. అది పోతే దేంతో పోల్చి చూస్తారు?

ఇంకోటి, ఆ బిళ్ళ పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతోనే వేసుకోవాలి, అరగంట పడుకోకూడదు. పెద్దమ్మ టీతో మింగేదట! ఇప్పుడు మీటింగులో పొదుపు కట్టించుకున్నాక బిళ్ళ సంగతీ అడుగుతున్నాం.